జాబితాలో లేని సిస్టం

బందరులోని ఒక ప్రైవేటు కాలేజీ 2004 వేసవిలో ల్యాబు అసిస్టెంటు అనీస్‌ను ఒక్క పూటలో గెంటేసింది. కాలేజీ జాబితాలో లేని సిస్టం ఏది ల్యాబు నెట్‌వర్కు కేబులు తగిలించుకుని ఆన్ అయినా, దాని డిస్కు చెరిపేసి విండోస్ కొత్తగా ఎక్కించేలా సర్వర్‌ను అమర్చింది కరస్పాండెంటు బావమరిది. ఇంట్లో కరెంటు కోత, కాలేజీలో జనరేటరు ఉంది కదా అని లెక్చరరు ఇందిర మేడం తన సిస్టాన్ని రిక్షాలో తెచ్చి ఆ కేబులే తగిలించి ఆన్ చేశారు. పదేళ్ల పాఠాలు పోయాయి. నింద అనీస్ మీద పడింది. అదే ల్యాబులో పనిచేస్తూ, ఆ అమరిక ఎవరిదో తెలిసిన నేను, పక్క కుర్చీలోనే ఉండి నోరు మెదపలేదు.

మూడేళ్ల తర్వాత గుడివాడలో అతను చేరిన కాలేజీకి వెళ్లాను. మాట్లాడుతుండగానే ఒక లెక్చరరు, పరీక్ష పేపరున్న సొంత సిస్టాన్ని కేబులుకు తగిలించి ఆన్ చేశాడు. తెర నల్లబడింది. సర్వర్‌ను వెతుకుతూ చుక్కలు పడుతున్నాయి.

"కేబులు పీకెయ్యండి!" అని అరిచాను.

"కూర్చో బావా, టీ చల్లారిపోద్ది," అన్నాడు అనీస్.

తెర మీద లెక్చరరు పిల్లల ఫోటో వచ్చింది. డిస్కు అలాగే ఉంది.

మేం కలవడం అదే ఆఖరు. బస్టాండు దాకా వచ్చి అన్నాడు: "జాబితాలో లేనిదాన్ని చెరపకుండా దాని డిస్కుకే వదిలెయ్యమని సర్వర్‌లో ఒక్క ముక్క రాశాను, అంతే. ఆ రోజు నువ్వూ ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది బావా."