కాన్పు గది మిషనుకు నేను పోసిన నూనె

మొన్న గుడివాడలో మా అమ్మాయి ఇంట్లో మనవడికి ఆయాసం వస్తే, మందు ఆవిరి పట్టే చిన్న మిషను తెచ్చారు. స్విచ్ వేయగానే బర్రుమని మొదలుపెట్టింది. ఆ రొద భరించలేక మా అల్లుడు, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేద్దామా అత్తయ్యగారూ అన్నాడు. అంతే, నేను వేసిన కేకకు పిల్లాడు ఏడుపు మానేసి నా వంక గుడ్లప్పగించి చూశాడు. అల్లుడికి ఏదో సర్దిచెప్పాను గానీ, ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నది నా ఈడువాళ్లైన మీకన్నా చెప్పుకోవాలనిపించింది.

మాది పమిడిముక్కల దగ్గర పల్లె. మా నాన్న పొలాలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవారు. ఇంట్లో కిర్రుమన్నది తలుపైనా, సైకిలైనా, బావి గిలకైనా సరే, దాని మీద నూనె డబ్బా వాలవలసిందే. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు ఇల్లంతా తిరిగి చుక్కలు వేయడం మా ఇంటి ఆనవాయితీ, పెద్దపిల్లనని ఆ పని నాది. "నోరు లేని వస్తువమ్మా, దాహమేస్తే అట్టాగే మూలుగుద్ది" అనేవారు నాన్న.

నర్సు చదువు ముగించి బందరులో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో చేరాను. కాన్పు గదిలో సక్షన్ మిషను ఉండేది. పుట్టిన బిడ్డ ముక్కులో, గొంతులో ఉమ్మనీరు అడ్డుపడితే సన్నని గొట్టంతో లాగేసేది అదే. అది ఆడినప్పుడల్లా కీచుమంటూ ప్రాణం తీసేది. ఒక మధ్యాహ్నం కాన్పులేవీ లేనప్పుడు, ఎవరికీ చెప్పకుండా, అది గాలి పీల్చే రంధ్రంలో నాలుగు చుక్కలు పోసి కాసేపు ఆడించాను. చప్పుడు తగ్గిపోయింది. ఇంజను మేస్త్రి కూతురంటే మజాకానా అని నాలో నేనే తెగ మురిసిపోయాను.

హెడ్ నర్సమ్మ గారు కూడా మిషను నెమ్మదించిందని సంతోషించారు. అయితే మిషను ఎంత బలంగా లాగుతోందో చూపే ముల్లు, అదివరకు చటుక్కున లేచేది, వారాలు గడిచేకొద్దీ బద్ధకంగా లేవసాగింది. ఎండాకాలం కదా, వోల్టేజి లేదులే అనుకున్నారు అందరూ. నాకు మాత్రం ఆ ముల్లును చూసినప్పుడల్లా నేను పోసిన చుక్కలే గుర్తొచ్చేవి. అడిగితే నేను చేసింది బయటపడుతుందని నోరు మెదపలేదు.

కృత్తివెన్ను నుంచి, చేపల చెరువు కాపలా కాసేవాళ్ల కోడలు తొలికాన్పుకు వచ్చింది. పట్టపగలు పదకొండింటికి ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఒళ్లు నీలం తిరుగుతోంది. గొట్టం పెట్టి స్విచ్ వేశాను, మిషను మెత్తగా ఆడుతూనే ఉంది, ముల్లు సగానికి కూడా లేవలేదు, సీసాలోకి ఒక్క చుక్క రాలేదు. గొట్టం మార్చాను, మళ్లీ బిగించాను, యేసయ్యా యేసయ్యా అంటూ మళ్లీ మళ్లీ వేశాను. చివరికి హెడ్ నర్సమ్మ గారు నన్ను పక్కకు తోసి, నోటితో పీల్చే గొట్టం వెతికి తెచ్చి పీల్చారు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆఖరికి సన్నగా ఏడుపు వినపడింది.

మర్నాడు మెకానిక్ వచ్చి మిషను విప్పాడు. ఇది పొడిగా ఆడేదండీ, పిస్టను చుట్టూ ఉండే టెఫ్లాన్ రింగు నూనె లేకుండానే జారుతుందన్నాడు. పిస్టను దిగినప్పుడు ఒక రేకు తెరుచుకుని గాలిని లోపలికి లాగుతుందట, లేచినప్పుడు ఇంకో రేకు తెరుచుకుని బయటికి నెడుతుందట. లాగే వైపు గొట్టం తగిలిస్తే సక్షను, నెట్టే వైపు తగిలిస్తే గాలి ఊదే కంప్రెసరు, ఇప్పుడు మా మనవడికి తెచ్చినది అలాంటిదే. ఆ గాలి రోగులు పీల్చాల్సి వస్తే అందులో నూనె ఆవిరి ఉండకూడదనే ఈ ఏర్పాటంతా. నూనె తగిలితే రింగు పొడీ, దుమ్మూ ముద్దయి రేకులకు పట్టేస్తాయి, రేకు సరిగా మూసుకోదు, లాగిన గాలి లాగినట్టే వెనక్కి పోతుంది. గుడ్డతో తుడిచి ఆ నల్లటి ముద్ద చూపించాడు. "ఎవరండీ దీన్లో నూనె పోసింది?" అన్నాడు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను నేల చూశాను.

పదో రోజున ఆ తల్లి వచ్చి, పిల్లకు నా పేరే పెట్టుకున్నామని చెప్పింది. "ముందుగా చేతుల్లోకి తీసుకుంది మీరే గదండీ" అంది. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేక తలూపాను. మూడేళ్లు నిండాక మళ్లీ తీసుకొచ్చింది. పిల్లకు మాట రాలేదు, మెడ నిలవదు, పిలిస్తే చూడదు. కాన్పప్పటి ఆలస్యం వల్లేనని డాక్టరు గారు అనలేదు, కాదనీ అనలేదు. ప్రార్థన చెయ్యండి సిస్టరు గారూ అంటూ తల్లి ఆ పిల్లను నా ఒళ్లో కూర్చోబెట్టింది. చేశాను. ఆ తల్లి వింటుందని, నేను చేసిన పని తప్ప అన్నీ చెప్పాను దేవుడికి.

ఇప్పుడు మిషన్లన్నీ మూతలు బిగించే వస్తున్నాయి, పాడైతే పారేసి కొత్తది తెస్తున్నారు, నాలాంటివాళ్ల చేతికి చిక్కే రోజులు పోయాయి. మా నాన్న పోయారు, హెడ్ నర్సమ్మ గారూ పోయారు. ఎవరు పోశారని నన్ను అడిగేవాళ్లు ఇక ఎవరూ లేరు. ఆ పిల్లకు నలభై దగ్గర పడుతూ ఉంటాయి. తల్లి బతికి ఉంటే, ఇవాళ కూడా అన్నం కలిపి ముద్ద నోటికందిస్తూ నా పేరే పెట్టి పిలుస్తూ ఉంటుంది.