వ్యాలీ ఆఫ్ ఫైర్‌లో అలిగిన పెళ్లికొడుకు

మా ఆయన కిరణ్‌కి లాస్ వేగస్‌లో కాన్ఫరెన్స్ అయిపోయింది. మేముండే ఊరు బాతెల్‌కి తిరుగు ఫ్లైట్ మర్నాడు. స్లాట్ మెషీన్ల మోత నాకు ఒక్క పూటకే మొహం మొత్తింది. అందుకే గంట దూరంలో ఉన్న వ్యాలీ ఆఫ్ ఫైర్‌కి వ్యాన్ టూర్ బుక్ చేశాను. మనిషికి నూట పది డాలర్లు, పొద్దున్న ఏడింటికి హోటల్ దగ్గరే పికప్, మధ్యాహ్నం రెండుకల్లా వెనక్కి. ఎర్రరాళ్లు చూద్దామని బయల్దేరితే వాటికన్నా వింతైన బృందం మాతో ఎక్కింది.

నలుగురు బ్రిటిష్ కుర్రాళ్లు. వాళ్లలో క్యాలమ్‌కి వచ్చే శనివారం పెళ్లట. అతనికి తెల్ల గౌను, మేలిముసుగు తొడిగి, మిగతా ముగ్గురూ బీరు వాసనతో పాటలందుకున్నారు. పెళ్లికి ముందు వరుణ్ణి ఇలా ఆటపట్టించడం వాళ్ల ఆనవాయితీ. నాకు చిరాకుకన్నా కుతూహలమే ఎక్కువ. ఇంటి దగ్గర క్యూలో బుద్ధిగా నిలబడే మనుషులు విమానం దిగగానే ఇలా ఎందుకు రెచ్చిపోతారు? ఆ మాటే వాళ్ల నాయకుడు గ్యారీని అడిగాను.

"అక్కడైతే మా అమ్మకి తెలిసిపోతుందండీ!" అన్నాడు.

"నా పెళ్లికి ముందు నన్నెవరూ ఇలా తిప్పలేదు" అని కిరణ్ తెగ బాధపడిపోయాడు.

వైట్ డోమ్స్ అనే రాతి గుట్టల దగ్గర ఆగి ఒక మైలు నడిచాం. ఏప్రిల్ చివర్లోనే ఎండ మాడ్చేస్తోంది. తిరిగొచ్చి చూస్తే క్యాలమ్ ఒక బండరాయి మీద ఒంటరిగా కూర్చున్నాడు, ఉలుకూ పలుకూ లేదు. ఏమైందని డ్రైవర్ డెనిస్ అడిగాడు. "హి ఈజ్ జస్ట్ పిస్డ్, మేట్!" అని గ్యారీ నవ్వాడు. అమెరికన్ అయిన డెనిస్ దాన్ని కోపమనుకుని, "సరే, కాస్త చల్లబడనివ్వండి" అన్నాడు.

"అలక పాన్పు ఎక్కాడు చూడు! బైకు ఇస్తే గానీ దిగడు" అన్నాడు కిరణ్. నేనూ నవ్వాను. పెళ్లికొడుకు అలగడం మనకేం కొత్తా?

వ్యాన్ ఎక్కబోతూ ఆగిపోయాను. బర్మింగ్‌హామ్‌లో చదువుకునేటప్పుడు ప్రతి వారాంతం విన్న మాట ఆ 'పిస్డ్'. అక్కడ బ్రిటిష్ వాళ్ల నోట దానికి అర్థం కోపం కాదు, బాగా తాగి ఉన్నాడని. పరుగెత్తి వెళ్లి మేలిముసుగు ఎత్తాను. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. పేరేంటని అడిగితే తెలియనట్టు చూశాడు.

"డెనిస్! కోపం కాదు, తాగి ఎండదెబ్బ తిన్నాడు!" అని అరిచాను. ఫోన్‌లకి సిగ్నల్ లేదు. గౌను చించి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోశాం. కిరణ్ కూలర్‌లోని ఐసు తెచ్చి అతని మెడ చుట్టూ పెట్టాడు. డెనిస్ విజిటర్ సెంటర్‌కి పోనిచ్చాడు. అక్కడి నుంచి అంబులెన్స్. వ్యాన్‌లో దారంతా గ్యారీ ఏడుస్తూనే ఉన్నాడు. "పెళ్లికూతురికి ఏమని చెప్పను?" అంటాడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

సాయంత్రం గ్యారీ మెసేజ్ వచ్చింది. క్యాలమ్ కళ్లు తెరిచాడట, పెళ్లి ఆగదట. అప్పుడు గానీ నాకు అన్నం సయించలేదు. అక్కడున్న అందరికీ ఇంగ్లిష్ వచ్చు. ఎవరికి తెలిసిన అర్థం వాళ్లు చెప్పుకుని తృప్తిపడ్డామే తప్ప, దగ్గరికెళ్లి అతని మొహం చూసినవాళ్లు లేరు. తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. ఎండలో ఎవరైనా మాటల్లేకుండా కూర్చుంటే పక్కవాళ్లని కాదు, అతన్నే పేరు అడగండి. చెప్పలేకపోతే క్షణం ఆగొద్దు. నిజంగా కోపంలో ఉన్నవాడైతే కనీసం తిడతాడు.