విలేకరి ఇంటికి కాపలా

మా ఆయన ఆగిరిపల్లి మండలంలో ఒక పత్రికకు విలేకరి. విలేకరి అంటే జీతం, ఆఫీసు ఉంటాయనుకుంటారు చాలామంది. మెడలో వేసుకునే ఒక కార్డు, ప్రకటనలు తెమ్మని పండగల ముందు డెస్కు నుంచి వచ్చే ఫోన్లు, అంతే. ఇల్లు గడిచేది నా కుట్టు మిషను మీద. అయినా పొద్దున్నే పేపరు విప్పి, తన వార్త ఏ మూల వేశారో వెతుక్కునే ఆ మనిషిని చూస్తే, ఈ పని మానేయమని నాకు ఎప్పుడూ అనబుద్ధి కాలేదు.

మా ఊరి అవతల గుట్టను గ్రావెల్ కోసం తవ్వుతున్నారు. టిప్పర్లు మామిడి తోటల మధ్య దారినే తిరిగేవి. ఆ దుమ్ముకి దారి పక్కన పూత మాడిపోయింది, పిందె నిలవలేదు. రైతులు తమలో తాము గొణుక్కున్నారు తప్ప పైకి అనలేదు. ఆయన రెండు మూడు సార్లు రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, కాయ కోతకి నడిచి వెళ్తున్న కూలీ మనిషిని టిప్పరు గుద్దింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. స్టేషన్లో మాత్రం గుర్తు తెలియని వాహనం అని రాసుకున్నారు.

చనిపోయినామె పక్కనే నడుస్తున్నది ఆమె అత్తగారు. బండినీ, నడిపినవాణ్నీ కళ్లారా చూసింది. మా ఆయన వాళ్లింటికి వెళ్లి, చూసింది చెప్పమని చాలాసేపు బతిమాలారు. పేరు రాయనంటే చెప్తానంది పెద్దావిడ. ఆయన పేరు రాయలేదు. వార్త మాత్రం జిల్లా పేజీలో పైన వచ్చింది, బండి ఫొటోతో సహా.

మర్నాడు మధ్యాహ్నం ఒకాయన మా ఇంటికొచ్చాడు. తెల్ల చొక్కా, మర్యాదగా మాట. మా ఆయన బయటికి వెళ్లారని చెప్తే, పర్వాలేదని అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు. మా అమ్మాయి బ్యాగు తలుపు వెనక వేలాడుతోంది. దాని వైపు చూసి, "పాప ఏ స్కూలండీ?" అని అడిగాడు. నేను చెప్పకముందే స్కూలు పేరు తనే చెప్పి, బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాడు. గ్లాసు నా చేతికిచ్చి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఒక్క తిట్టు లేదు, గట్టి మాట లేదు. వచ్చినవాడు ఏం బెదిరించాడని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. అయినా ఆ సాయంత్రమే అమ్మాయిని ఏలూరులో మా అక్క దగ్గరికి పంపేశాం.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఒకసారి బండి మీద వెళ్తుంటే టిప్పరు ఆయన్ని కాలవ గట్టు దాకా నెట్టుకుంటూ పోయింది. స్టేషన్‌కి వెళ్లాం. ఎస్సై గారు కుర్చీ వేయించారు, టీ తెప్పించారు, అంతా విన్నారు. చివరికి, మీరు కూడా కొన్నాళ్లు తగ్గి ఉండండి, అందరం ఇక్కడే బతకాలి కదా అన్నారు. పత్రికవాళ్లకి ఫోన్ చేస్తే, డెస్కు ఇన్‌ఛార్జి గొంతు తగ్గించి, మీరు మా స్టాఫ్ కాదు కదండీ, మేం ఏమని లెటర్ ఇస్తాం అన్నాడు. నూజివీడులో తెలిసిన లాయరు ఒకాయన పై అధికారులకి అర్జీ పెట్టించాడు. కాళ్లరిగేలా తిరిగాక ఒక కానిస్టేబుల్ని కాపలాకి వేశారు.

అతను మంచివాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడికి వెనక తన బండి మీద వెళ్లేవాడు. ఒకరోజు అన్నం పెడుతుంటే తనే అన్నాడు, "అమ్మా, నిజం చెప్పనా? వాళ్లు వస్తే ఈ లాఠీతో నేనేం చేయలేను. కానీ నేనుంటే చూసినవాడు ఒకడున్నాడని వాళ్లకి భయం. అంతవరకే."

నాకు ఆ అంతవరకే చాలనిపించింది. రాత్రిళ్లు కాస్త కునుకు పట్టింది. బట్టలు కుట్టడానికి మళ్లీ మిషను ముందు కూర్చోగలిగాను.

ఎవరో పెద్ద నాయకుడు జిల్లాకి వస్తున్నాడని, బందోబస్తుకి మనుషులు చాలడం లేదని అతన్ని వెనక్కి పిలిచారు. కార్యక్రమం అవగానే పంపిస్తామన్నారు. కార్యక్రమం అయింది. ఎవరూ రాలేదు. అడగడానికి వెళ్తే, ఇంతవరకూ ఏమీ జరగలేదు కదా అన్నారు.

వారం తిరక్కుండానే జరిగింది. నేను కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి ఆయన పొద్దున్నే నూజివీడు బయలుదేరారు. తోటల మధ్య మలుపులో వెనక నుంచి కారు గుద్దింది. కింద పడ్డాక ఇద్దరు దిగి ఇనప రాడ్లతో కొట్టారు. తల మీద కాదు, కాళ్ల మీద కాదు, కుడి చేతి మీదే కొట్టారు. పక్క తోటలో కాయ కోస్తున్న కూలీలు కేకలు వేస్తూ పరిగెత్తుకొచ్చారు కాబట్టి వదిలేసి పోయారు. ఆ కూలీలే మామిడికాయల వ్యానులో, ట్రేల మధ్య వరిగడ్డి పరిచి పడుకోబెట్టి తీసుకెళ్లారు. నేను ఆసుపత్రికి చేరేసరికి ఆయన చొక్కాకి రక్తం, మామిడి సొన, గడ్డి పరకలు అంటుకుని ఉన్నాయి. నన్ను చూసి మొదట అడిగింది పడిపోయిన ఫోన్ దొరికిందా అని.

ఆ వార్త ఆయన పత్రికలో రాలేదు. ఇంకొక పత్రికలో చిన్నగా వచ్చింది, రోడ్డు ప్రమాదంలో విలేకరికి గాయాలని.

విజయవాడలో ఆపరేషన్ చేసి చేతికి ప్లేటు వేశారు. ఇంటికొచ్చాక ఆయన గోడకేసి తిరిగి పడుకునేవారు. పలకరించడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఇంటి యజమాని వచ్చి, తప్పుగా అనుకోవద్దండీ, మాకూ పిల్లలున్నారు, వేరే ఇల్లు చూసుకోండి అన్నాడు. నేను తప్పుగా అనుకోలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే మాట అనేదాన్నేమో. ఆ రోజుల్లో బయట ఏ బండి ఆగినా తలుపుకి అడ్డంగా నిలబడేదాన్ని, నన్ను దాటి లోపలికి పోవడానికి ఎంతోసేపు పట్టదని తెలిసి కూడా.

ఒక మధ్యాహ్నం, కోడల్ని పోగొట్టుకున్న ఆ పెద్దావిడ వచ్చింది. కొంగులో నాలుగు చిన్నరసం మామిడికాయలు కట్టుకొచ్చింది. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని, జడ్జి గారి దగ్గర తను చూసిందంతా చెప్తానంది.

ఆయన లేచి కూర్చున్నారు. "వద్దు పెద్దమ్మా. నువ్వేం చూడలేదు. ఎవరడిగినా అదే చెప్పు."

"చెప్పమని బతిమాలింది నువ్వే కదా బాబూ."

"అప్పుడు తెలియలేదు. కాపలా పెట్టించుకుని కూడా నేనిలా ఉన్నాను. నీకు తలుపుకి గొళ్లెం కూడా లేదు."

పెద్దావిడ ఆయన చేతి కట్టు వైపు చూసింది. "నా కోడలు గుర్తు తెలియని బండి కింద పడి పోయిందంట. నీ చెయ్యి రోడ్డు మీద పడి ఇరిగిందంట. చూసినదాన్ని నేనూ ఊరుకుంటే, ఇంక అదే నిజమైపోద్ది."

ఆయన ఏడ్చారు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు. నాకు ఆవిడ నోరు మూసేయాలనీ ఉంది, కాళ్ల మీద పడి చెప్పమని అడగాలనీ ఉంది. ఏదీ చేయలేక, కాయలు కడగడానికి పెరట్లోకి వెళ్లిపోయాను.

ఆమె చెప్పింది. నూజివీడు కోర్టులో మెజిస్ట్రేటు ముందు, లాయరు పక్కన నిలబడి చెప్పింది. డ్రైవర్ని అరెస్టు చేశారు, బెయిలు మీద వచ్చేశాడు. ఆయన్ని కొట్టినవాళ్లు ఇప్పటికీ దొరకలేదు. గుట్ట దగ్గర కొన్నాళ్లు ఆపి, అవతలి వైపు నుంచి మళ్లీ తవ్వుతున్నారు. మేం నూజివీడులో బస్టాండు వెనక ఒక గదిలోకి మారాం. ఆయన కార్డు పత్రికవాళ్లు వెనక్కి తీసుకున్నారు. పెద్దావిడకి రక్షణ కావాలని పెట్టిన అర్జీ ఏ బల్ల మీద ఉందో ఎవరూ చెప్పరు. మాతో వచ్చి ఉండమంటే, కోత రోజుల్లో పని వదులుకుని ఎలా వస్తానంటుంది.

అందుకని రోజూ పొద్దుగూకేవేళ ఆయన ఆమెకి ఫోన్ చేస్తారు. మా చేతనైన కాపలా అదొక్కటే. మొన్న ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆయన ఎడమ చేత్తో చొక్కా తొడుక్కుని బయటికి నడిచారు. నేనూ వెంట వెళ్లాను. ఊరి పేరు విని ఇద్దరు ఆటోవాళ్లు రామన్నారు, మూడో అతను వచ్చాడు. తోటల మధ్య ఆ మలుపు దగ్గర ఆయన కళ్లు మూసుకున్నారు.

గుడిసెలో ఎవరూ లేరు. పొయ్యి చల్లగా ఉంది. పక్క గుడిసెలో అడిగితే తెలియదన్నారు. తోట వైపు పరిగెత్తాం. చివరి చెట్ల కింద వ్యానుకి కాయలు ఎత్తుతున్న ఆడవాళ్లలో ఆమె ఉంది, తల మీద ట్రేతో. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందంట. మా మొహాలు చూసి, చీకటి పడే వేళ మీరిద్దరూ ఇటెందుకొచ్చారని కోప్పడింది. మమ్మల్ని ఆటో ఎక్కించేదాకా రోడ్డు మీద మా పక్కనే నిలబడింది. ఆటో కదిలాక ఆయన తల బయటికి పెట్టి చూస్తూనే ఉన్నారు. ఆమె ఒక్కతే తోటలోకి నడిచి వెళ్లిపోతోంది.