మా అత్త తొక్కు సీసా

మా అత్త పోయి నేటికి పదహారు రోజులు. ఆ పొద్దున నేను చాయ్ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదు. మక్తల్ నుంచి వచ్చిన చుట్టాలంతా "దేవత అసొంటి మనిషి" అన్నారు. నేను ఆమె కోడలిని, ఎనిమిదేళ్లు ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నదాన్ని. ఆమె దేవత కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది మీకు నిజంగా చెప్పగలుగుతాను.

ఇంటింటికీ నల్లా వచ్చాక వెనకాల ఖాళీ జాగాలో ఆమె పెరడు వేసింది. వంగ, బీర, టమాట, పందిరికి చిక్కుడు. తెల్లారగానే సబ్బునీళ్ల డబ్బా పట్టుకుని ఆకు ఆకూ తిరగేసేది. పచ్చపురుగు దొరికితే రెండు వేళ్లతో తీసి నీళ్లలో వేసేది. నత్తల మీద ఉప్పు చల్లి, అవి నురగ కక్కుతుంటే పక్కనే కూర్చుని పళ్లు తోముకునేది. ఎలుక పడితే బోనుతో సహా తొట్టిలో ముంచి, బుడగలు ఆగేదాకా అలాగే పట్టుకునేది. ఆ మొహంలో జాలి నేనెప్పుడూ చూడలేదు.

అయితే తెలియని పురుగును మాత్రం చంపేది కాదు. పచ్చడి అయిపోయిన తొక్కు సీసాలో వేసి, చెట్ల రసం పీల్చే పేనుబంక పట్టిన ఆకొకటి పెట్టి, మూతికి పాత చీర పీలిక కట్టి కిటికీలో ఉంచేది.

"గదేం తింటదో సూడాలె. ఆకు తింటే దొంగ. పేనుబంకను తింటే మనోడు."

మర్నాడు తీర్పు. ఆకు కొరికితే సబ్బునీళ్లు. లేదంటే సీసాను చెట్టు మొదట్లో వంచి "ఉండనీ" అనేది. ఆ మాట అనేటప్పుడే ఆమె గొంతు కాస్త మెత్తబడేది. సాలీళ్లు, గోదురుకప్ప, గోడ మీది తొండ ఆ మాటతో బతికినవే. దుకాణం నుంచి మందు తెచ్చి కొడతానని మా ఆయన అంటే, "మందుకు కండ్లుంటయారా? నాకున్నయి" అని కసిరింది.

పెళ్లయిన మొదటి ఏడు ఆమె నాలుగు రోజులు చెల్లెలి ఊరికి వెళ్లింది. ఆమెను మెప్పించాలని నాకు మహా ఆరాటం. చిక్కుడు తీగ నిండా నల్లటి పురుగులు, వీపు మీద నారింజ మచ్చలు, ఒళ్లంతా ముళ్లు. చూస్తేనే జలదరించింది. ఒక్కటి మిగలకుండా ఏరి డబ్బాలో ముంచాను. ఆమె రాగానే గొప్పగా చూపించాను. ఆమె డబ్బాలో వేలు పెట్టి ఒకదాన్ని బయటికి తీసి చూసింది.

"గివి అక్షింతల పురుగు పిల్లలే. పేనుబంకను తినేటియి. సీసల ఎందుకు పెట్టలే?"

"సూడంగనే పాడు పురుగులనుకున్న అత్తమ్మా."

"నిన్ను సూడంగనే నేను గూడ గట్లనే అనుకున్న. అయినా ఇంకా సూస్తున్న గదా."

పదిహేను రోజుల్లో పేనుబంక తీగనంతా కమ్మేసింది. ఆ చిక్కుడు విత్తనం ఆమె తల్లి ఇచ్చింది. ఏటా కొన్ని దాచి ఏటా పెట్టుకునేది. గింజలకు పుచ్చు పడుతోందని ఆ ఏడు ఉన్నవన్నీ పెట్టేసింది. ఒక్క కాయ నిలవలేదు, విత్తనానికి కూడా మిగల్లేదు. ఎండిన తీగను నాతోనే పీకించింది, నాతోనే కాల్పించింది. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా, నేను చాయ్ పోస్తుండగానే, "గిది ఇంకా సీసలనే ఉంది" అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. లోపల కాలిపోయేది.

ఇవాళ ఆకు వెనక గుడ్డు చూసి అది దేనిదో చెప్పగలుగుతున్నానంటే ఆమె చలవే, కాదనను. ఎంత తిట్టినా, పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పింది. కానీ "ఉండనీ" అన్న ఆ ఒక్క మాట కోసం ఎనిమిదేళ్లు చూశాను. తొండకు దక్కింది, నాకు దక్కలేదు.

ఈ వానాకాలం పక్షవాతంతో ఆమెకు కుడిపక్క పడిపోయింది. పెరటి గుమ్మం దగ్గర మంచం వేశాం. కడగడం, తినిపించడం అన్నీ నేనే. పోవడానికి రెండు రోజుల ముందు దుప్పటి మీద గోధుమరంగు పురుగొకటి వాలింది. సీసా తెమ్మంది. పేనుబంక వెతికే ఓపిక లేక ఉత్త ఆకే వేసి, పీలిక కట్టి కిటికీలో పెట్టాను.

ఆ సాయంత్రం జావ తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నాకిప్పుడు పని లేదు, తినుడే. మరి నన్నేం జేస్తవే?"

కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. ఆమె ఏం అడుగుతోందో నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. "తాగు అత్తమ్మా" అని మూతి తుడిచాను. కాసేపు చూసి, గోడవైపు తిరిగింది. మరిచిపోయి కాదు, కావాలనే అనలేదు.

దినాలయ్యాక మంచం కడుగుతుంటే కిటికీలో సీసా కనిపించింది. అందరం మరిచిపోయాం. పీలిక విప్పి చూశాను. పురుగు వెల్లకిలా పడి ఉంది. పక్కనే ఆకు ఎండిపోయి ఉంది. తిప్పి తిప్పి చూశాను, అంచు నుంచి ఈనె దాకా ఎక్కడా కొరికిన జాడ లేదు.