చేను వాటా ఇచ్చిన కుర్మయ్య

ఎంకపల్లిలో మా ఇంటికీ కుర్మయ్య ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. వాళ్లింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. అందుకని ఆ ఇంటి సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సగం చూశాను, సగం గోడ మీద నుంచి విన్నాను, కాస్త మిగిలింది అతని భార్య గోపమ్మ నా దగ్గర కూర్చుని చెప్పుకుంది.

కుర్మయ్యది వేటగాళ్ల ఇల్లు. వాళ్ల నాయన ఉన్నప్పుడు ఊరి వెనక బంచరాయి, అంటే పశువులు మేసే సర్కారు భూమి, గుట్ట దాకా ఉండేది. నలుగురు మనుషులు వల పట్టుకుని పోతే జింక లేకుండా తిరిగి వచ్చేవాళ్లు కాదట. కుర్మయ్య కూడా వయసులో ఉన్నప్పుడు ఆ వల పట్టాడు. తర్వాత చట్టం గట్టిదయింది, జింకను ముట్టుకుంటే జైలే అన్నారు. అతను వలను అటక మీద పడేసి, మొయినాబాద్ దగ్గర నర్సరీలో గులాబీ అంట్లు కట్టే పనికి కుదిరాడు. నెమ్మదైన మనిషి. ఒక్క బిడ్డ సమత, ఆమెను శంకర్‌పల్లిలో ఇచ్చారు. ఇంట్లో మిగిలింది తను, గోపమ్మ, తల్లి అంతమ్మ.

పోయిన చలికాలంలో అంతమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి విరిగింది. పట్నం దవాఖానలో చూసి, ఈ వయసులో ఆపరేషన్‌కు తట్టుకోదు, ఇంటికి తీసుకుపొండి అన్నారు. మంచం మీద వేశారు. వారం తిరక్కుండానే తిండి మానేసింది.

మా దిక్కు మనిషి పోయేటట్టుంటే పక్కన కూర్చుని, ఏం తినబుద్ధవుతున్నదని అడుగుతాం. అడిగింది నోట్లో పడకపోతే పాణం తొందరగా పోదని, కొట్టుకుంటూనే ఉంటుందని మాకు భయం. మా అత్తయితే ఐస్‌క్రీం అడిగింది. ఒకాయన కల్లు అడిగాడు. అంతమ్మను గోపమ్మ అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"జింక కూర," అంది.

"అత్తా, గది ఇప్పుడు యాడ దొరుకుతది? మేక కూర తెప్పిస్త."

"మేక నాకెందుకే? నేనేమన్న సుట్టపుదాన్నా?"

గడప దగ్గర కుర్మయ్య నిలబడి ఉన్నాడు. చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

ఆ సాయంత్రమే చేవెళ్ల నుంచి సాలోమోను వచ్చాడు. ఇప్పుడు ఆటో నడుపుతాడు కానీ, ఒకప్పుడు కుర్మయ్యతో కలిసి వల పట్టిన మనిషి. ఇద్దరూ మా అరుగు మీదే కూర్చున్నారు. నేను చాయ్ ఇచ్చాను.

"వల తీసుకొని పోదామంటవా?" అన్నాడు సాలోమోను. "దాన్ని ఎలుకలు ఎన్నడో కొట్టినయి. కొట్టకున్నా నలుగురు కావాలె. ఇద్దరు సచ్చిండ్రు. మిగిలింది నీ నడుము, నా మోకాళ్లు. జింక మనల్ని జూసి నవ్వుతది."

"ఉచ్చు పెడ్త. ఒక్కన్నే పోత."

"ఉచ్చుల ఎన్నడు పడాలె? అప్పటిదాంక మీ అవ్వ ఆగుతదా? అయినా జింకనే పడ్తదని ఏమున్నది? రామేశ్వర్ సారు దూడ పడ్తె గప్పుడు నిన్ను ఉచ్చుల ఏస్తడు."

కుర్మయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "జన్వాడ విక్రమ్ సారు ఎప్పటి నుంచో పిలుస్తున్నడు."

విక్రమ్ జన్వాడ దగ్గర ఫామ్‌హౌస్ కట్టుకున్న పట్నం మనిషి. మొక్కలకని నర్సరీకి వచ్చినప్పుడు, కుర్మయ్య వేటగాళ్ల ఇంటివాడని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి వెంటపడ్డాడు. తుపాకీ తనది, జీపు తనది, జాగా చూపిస్తే చాలు, తలకాయా కొమ్ములూ తను తీసుకుంటాడు, మాంసమంతా కుర్మయ్యది. కుర్మయ్య ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు.

"గాళ్లకు అది ఆటరా," అన్నాడు సాలోమోను. "పట్టుబడ్తె గాళ్లకు వకీళ్లుంటరు. నీకు నేను గూడ ఉండ, ఇప్పుడే చెప్తున్న."

మర్నాడు పొద్దున కుర్మయ్య ఒక్కడే బంచరాయికి పోయాడు. ఇప్పుడు బంచరాయి అంటే గుట్ట కింద మిగిలిన పేలిక. ఒక పక్క ఫామ్‌హౌస్‌ల ప్రహరీ గోడ, ఒక పక్క ప్లాట్ల గోడ, మూడో పక్క రామేశ్వర్ గారి క్యారెట్ చేను. మా ఊళ్లో పెద్ద రైతు ఆయనే, రాజకీయాలూ ఆయనవే. ఆ పేలికలోనే చిన్న మంద ఒకటి ఇంకా బతుకుతోంది. కుర్మయ్య తిరిగి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గోడ మీద నుంచి అడిగాను.

"కనబడ్డయా?"

"కనబడ్డయి వదినె. నన్ను జూసి లేవనన్న లేవలె. మేసుకుంటనే ఉన్నయి. నాతోని ఏం గాదని వాటికి ఎర్కయింది."

అంతమ్మ నీళ్లు కూడా మింగడం మానేసిన రోజు కుర్మయ్య విక్రమ్‌కు ఫోన్ చేశాడు. గోపమ్మ ఫోన్ గుంజుకోబోయింది.

"మీ అవ్వ కూర లేక పోతలేదు. ముసలితనంతోని పోతున్నది. ఒద్దు."

"అడిగింది గద. అడగకుంటె అయిపోతుండె," అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా విక్రమూ అతనూ వేటకు పోయారు. కుర్మయ్య బంచరాయి వెనక నుంచి చుట్టి వచ్చి మందను అదిలించాడు. గోడలున్నాయి కాబట్టి వాటికి చేను వైపు తప్ప దారి లేదు. ఆ దారి మీదే జీపులో కూర్చుని విక్రమ్ కాల్చాడు. పోతు జింకకు నడుములో తగిలింది. అది కుంటుకుంటూ రామేశ్వర్ గారి చేనులో పడి, క్యారెట్ మడుల్లో కాళ్లు కొట్టుకుంది. కుర్మయ్యే పోయి దాని మెడ మీద కత్తి పెట్టాడు. విక్రమ్ దాని తలకాయను సంచిలో వేసుకున్నాడు.

"ఎవరికీ ఇవ్వకు, ఎవరికీ చెప్పకు. ఇంట్లో వండుకో, మిగిలింది పాతిపెట్టు," అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాట ఒక్కటి విని ఉంటే ఈ కథే లేదు.

మా దగ్గర వేట ఎవరి చేనులో పడితే వాళ్లకు ఒక తొడ ఇవ్వాలి. దాన్ని చేను వాటా అంటారు. అది ఇచ్చిన తర్వాతే పొయ్యి ముట్టించాలి. ఇవ్వకుండా తింటే దొంగకూడు. కుర్మయ్య తొడను బేసిన్‌లో పెట్టి పైన తువ్వాల కప్పుతుంటే గోపమ్మ వాకిలికి అడ్డం నిలబడింది.

"రామేశ్వర్ సారుకు ఎర్కనే లేదు. ఆయన అడిగిండా? ఎందుకు పోతవ్?"

"అవ్వ దొంగకూడు తిని పోవాల్నా? గింత జేసింది గందుకేనా?"

ఆమె పక్కకు జరిగింది. జరిగినందుకు ఇప్పటికీ తల కొట్టుకుంటుంది.

రామేశ్వర్ గారి వరండా నిండా మనుషులున్నారు, ఏదో పార్టీ మీటింగు. తువ్వాల తీసి చూసి ఆయన ఎంత సంబరపడ్డాడో. "మా తాత పోయినంక గీ ఇంటికి చేను వాటా తెచ్చినోనివి నువ్వే కుర్మన్నా," అని పక్కన కుర్చీ వేయించాడు. కుర్మయ్య ఆ ఇంట్లో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. గోపమ్మకు ఫోన్ చేసి, ఇచ్చిన, పొయ్యి మీద పెట్టు అన్నాడు. అక్కడివాళ్లు చాయ్ ఇచ్చి, పాత వేటల ముచ్చట్లు చెప్పమన్నారు. చెప్తూ ఉండిపోయాడు. రామేశ్వర్ గారి కొడుకు అభిలాష్ బేసిన్ పక్కన అతన్ని నిలబెట్టి ఫోటో తీసి, మా ఊరి ఆచారం ఇంకా ఉన్నదని రాసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ఆ పిల్లాడి మనసులో చెడు లేదు. కానీ ఆ స్టేటస్ రామేశ్వర్ గారంటే గిట్టనివాళ్లు కూడా చూశారు. వాళ్ల దగ్గర నుంచి అది ఫారెస్టోళ్లకు పోయింది.

ఇక్కడ గోపమ్మ కట్టెల పొయ్యి మీద కూర పెట్టింది. ముదురు పోతు, అంతమ్మకు పళ్లు లేవు.

"కుక్కర్ల పెట్టరాదే, జల్ది అయితది," అన్నాను గోడ మీద నుంచి.

"కుక్కర్ కూర అత్త ముట్టదక్కా. గింత ఆగింది, ఇంక జర ఆగుతది."

వాసనకు అంతమ్మ కళ్లు తెరిచింది. ఎన్నాళ్లకో. "అయిందా?" అని అడిగింది. "అయితున్నదత్తా," అంటూ గోపమ్మ ముక్క తీసి నొక్కి చూసింది. ఇంకా మెత్తబడలేదు.

కుర్మయ్యను ఫారెస్టోళ్లు ఆ వరండాలోనే పట్టుకున్నారు. జాగా చూపించమని అటు నుంచి అటే చేనుకు తీసుకుపోయారు. ఇంటికి ఇంకో బండి వచ్చింది. వచ్చినాయన చిన్న వయసువాడే, అమ్మా అనే మాట్లాడాడు. కూర కుండకు మూత పెట్టి గుడ్డ కట్టి సీలు వేశారు.

"సారూ, ఒక్క ముక్క. ముసలామె పోతున్నది," అంది గోపమ్మ.

ఆయన మంచం వైపు చూసి తల దించుకున్నాడు. "ఇది సాక్ష్యం అమ్మా. ముట్టనిస్తే నా నౌకరీ పోతుంది."

బండి పోయింది. అంతమ్మ మళ్లీ అడిగింది, అయిందా అని. గోపమ్మ వేడినీళ్లలో కారం, ఉప్పు కలిపి చెంచాతో నోట్లో పోసింది. ముసలామె దాన్ని బయటికి ఉమ్మింది. పొద్దు గూకకముందే పోయింది. కొడుకు లేడని సమత నిప్పు పెట్టింది.

జైలుకు ములాఖత్‌కు గోపమ్మకు తోడు నేనే పోయాను. అద్దానికి అటు కుర్మయ్య, ఇటు మేము, మధ్యలో ఫోన్. తల్లి పోయిందని అతనికి అప్పటికే చెప్పారు. అతను అడిగింది ఒకటే.

"అవ్వ తిన్నదా?"

గోపమ్మ నా వైపు చూసింది. తర్వాత, "తిన్నది," అంది.

"నమిలిందా?"

"మెత్తగ ఉడికిచ్చిన. రెండు ముక్కలు తిన్నది. పులుసు తాగింది."

కుర్మయ్య ఫోన్ గుండెకు ఆనించుకుని ఏడ్చాడు. ఆ రోజు అది మంచి పనే అనుకున్నాం, ఇద్దరమూ.

తర్వాత వకీలు వచ్చి చెప్పాడు: తుపాకీ నీది కాదు, కాల్చింది నువ్వు కాదు, ఆ మనిషి పేరు చెబితే బెయిల్‌కు దారి దొరుకుతుంది, లేకపోతే మొత్తం నీ మీదే పడుతుంది. ఫోటోలో ఉన్నది కుర్మయ్య ఒక్కడే. విక్రమ్ ఫోన్ మోగడం లేదు. నీకు ఉండను అన్న సాలోమోనే ఆటో వేసుకుని జన్వాడ పోయాడు. సారు ఇటు రావడం లేదని చెప్పి వాచ్‌మన్ గేటు వేసుకున్నాడు. మేం చెబితే చెల్లదట, చూసిన కుర్మయ్యే నోరు తెరవాలి.

అతను తెరవలేదు. "గాయన మాట మీద నిలబడ్డడు," అన్నాడు మాతో. "మా అవ్వ తిని పోయిందంటె గాయన పుణ్యమే. గసొంటోన్ని ఎట్ల పట్టిస్త?"

ఆ వారమంతా గోపమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. మళ్లీ ములాఖత్ రోజు వచ్చేసరికి మనసు గట్టి చేసుకుంది. అద్దం ముందు కూర్చోగానే చెప్పేసింది.

"అత్త తినలె. కూర ఉడకకముందే గాళ్లొచ్చి కుండ ఎత్తుకపోయిండ్రు. నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక గట్ల అన్న. గాయన పేరు చెప్పు."

"నన్ను ఇడిపిచ్చుకపోనీకి సచ్చినామె మీద అబద్ధమాడుతున్నవా?"

"అక్కను అడుగు."

ఫోన్ నా చేతికి వచ్చింది. "తినలే కుర్మయ్యా," అన్నాను. "నేను అక్కడనే ఉన్న."

"మొన్న గూడ నువ్వు పక్కనే ఉంటివి గద వదినె. గప్పుడెందుకు చెప్పలే?"

నేను ఫోన్ గోపమ్మ చేతికి ఇవ్వబోయాను.

"ఇద్దరు మాట్లాడుకొని వచ్చిండ్రు," అని ఫోన్ పెట్టేసి లోపలికి పోయాడు.

బెయిల్ ఇంకా రాలేదు. ములాఖత్‌కు గోపమ్మ పోతే అతను అద్దం దగ్గరికి రావడం లేదు. సాలోమోను పోతే వస్తాడు, నర్సరీ సంగతి అడుగుతాడు, బిడ్డ సంగతి అడుగుతాడు. పేరు అడిగితే మాత్రం, మా అవ్వ తిన్నది అంటాడట.