స్టీరింగు పక్కన పసుపు పది

ముంబై పక్కన మగ్గాల ఊరు భివండిలో టెంపోలు నడిపిన మనవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, లీటరు డీజిల్‌కు పది కిలోమీటర్లు తీసినవాడు కనుకయ్య ఒక్కడే. ఒకప్పుడు కళ్యాణ్ నాకా కూడలిలో ఎవరినడిగినా ఈ మాటే చెప్పేవారు. జగిత్యాల దిక్కు నుంచి గుంటెడు భూమి లేక వచ్చిన మనిషి. ఊరి బడిలో ఏడు దాకా చదివాడు. శాంతి నగర్ మగ్గాలకు నూలు చుట్టిన బీములు మోశాడు, మోస్తూనే స్టీరింగు నేర్చాడు, ముప్పై దాటకముందే బుచ్చిరాములు సేటు దగ్గర డ్రైవరయ్యాడు. సేటుకు మూడు టెంపోలు. పొద్దున రంగు వేయని కోరా తానులు డోంబివలి రంగుల కార్ఖానాకు పోవాలి, సాయంత్రం నూలు పెట్టెలు వెనక్కి రావాలి. మిగతా ఇద్దరు డ్రైవర్లకు లీటరుకు ఎనిమిది దాటేది కాదు.

కనుకయ్యకు పది వచ్చిందంటే ఊరికే రాలేదు. చెప్పులు విప్పి ఉత్త కాలితో ఎక్సిలేటర్ తొక్కేవాడు. ఇంజను వణుకు అరికాలికి తెలియాలనేవాడు. టైర్లలో గాలి పొద్దున్నే, రబ్బరు చల్లగా ఉన్నప్పుడే చూసేవాడు. నాకా దగ్గర బండ్లు ఆగితే అందరికంటే ముందు ఇంజను బందు చేసేవాడు, వెనక ఎన్ని హారన్లు మోగినా సరే. దుర్గాడి వంతెన దగ్గర గుంపు దూరం నుంచి కనబడగానే కాలు తీసేవాడు. అక్కడికి చేరేసరికి బ్రేకు ముట్టకుండానే వేగం దానంతటదే చచ్చేది. ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నింపించి, నడిచిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించి నోటుబుక్కులో రాసేవాడు. ఆ భాగహారం ఊరి బడి పంతులు పెట్టిన భిక్ష.

తొంభై ఏడు దసరాకు, బండ్ల పూజ నాడు, సేటు ఆయనకు శాలువా కప్పాడు. నంబరు ప్లేట్లు రాసే పెయింటర్‌ను పిలిపించి స్టీరింగు పక్కన పసుపు రంగుతో ‘10’ అని రాయించాడు. ఇది అందరికీ సాధ్యమేనా అని అందరి ముందూ అడిగాడు.

“చేస్తే అందరికయితది సేటు. చెయ్యరు, గంతే,” అన్నాడు కనుకయ్య.

ఆ మరుసటి నెల నుంచి మూడు బండ్లకూ పదే కట్టుబాటు. పది రాకపోతే ఆ తక్కువ డ్రైవరు జీతంలో కోత. మిగతా ఇద్దరిలో ఒకడు, నాగావ్ గోదాము బండి నడిపే నర్సింగ్, కనుకయ్య ఇంటికొచ్చాడు. తన ఇంజను అరిగిందనీ, పొగ కక్కుతున్నదనీ, నీ మాటైతే సేటు వింటాడు, ఒక్కసారి చెప్పన్నా అనీ బతిమాలాడు. కనుకయ్య చాయ్ ఊదుకుంటూ, “కాలు సక్కగుంటే పొగెందుకొస్తది నర్సింగూ,” అన్నాడు. మూడు నెలలు కోతలు పడి నర్సింగ్ మానేశాడు. డీజిల్ దొంగ అని పేరు కట్టి మరీ పంపారు. కనుకయ్య అవునని అనలేదు, కాదనీ అనలేదు.

ఆరేళ్లు తిరిగేసరికి ఆయన ఇంజనూ అరిగింది. సేటు కొడుకు రితేష్ పెత్తనానికొచ్చి తానుల లోడు పెంచాడు. పది తొమ్మిదైంది, తొమ్మిది ఎనిమిదైంది. అదే కాలు, అదే రోడ్డు. ఇంజను విప్పించి బాగు చేయించమని అడిగితే చాలు. కానీ అడిగితే, పది రాలేదని తన నోటితో తానే చెప్పాలి. నోటుబుక్కు రాయడం మానేశాడు. రెండు రోజులకోసారి తన డబ్బుతో రెండు లీటర్లు డబ్బాలో కొని, నాగావ్ గోదాము వెనక, పగలు అన్నం వేళ, గరాటుకు పైపు తగిలించి ట్యాంకులో పోసేవాడు. సేటు చూసేది పంపు బిల్లులే గనుక బిల్లులో లేని డీజిల్ కలిస్తే పది పదిగానే నిలిచేది. ఇంట్లో పాలు తగ్గాయేమని భార్య ఓదెమ్మ అడిగితే, ధర పెరిగిందన్నాడు.

ఎనిమిది నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం రితేష్ గోదాము వెనక్కి వచ్చాడు. ట్యాంకు మూత తీసి ఉంది, పైపు లోపలుంది, డబ్బా కనుకయ్య చేతిలో ఉంది.

“ఏంది కాకా యే? నువ్వు భీ గిదే పనా?”

“తీస్తలేను బిడ్డా. పోస్తున్న.”

“సేటు ట్యాంకుల సొంత డీజిల్ ఎవడు పోస్తడు కాకా? పాగల్ సమఝా క్యా మేరేకో? పిచ్చోడిలెక్క కనబడుతున్ననా?”

కొట్లో గద్దె మీద కూర్చున్న పెద్ద సేటు బుచ్చిరాములు అంతా విని, డబ్బాలో డీజిల్ కొనడం చూసినవాడెవడైనా ఉంటే సాయంత్రంలోగా తీసుకురమ్మన్నాడు. చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. డబ్బా నింపించుకునే పంపు పక్కన నర్సింగ్‌ది పంక్చర్ దుకాణం. ఇన్నేళ్లలో కనుకయ్య అక్కడ టైరుకు గాలి కూడా కొట్టించుకోలేదు.

కనుకయ్య అక్కడికి పోయి సాక్ష్యం అడిగితే, నర్సింగ్ ట్యూబు నీళ్లలో ముంచుతూ తల ఎత్తలేదు. “చూసిన. ఎన్మిది నెలల సంది చూస్తనే ఉన్న. వచ్చి చెప్త. ముందుగాల నువ్వు సేటుకు ఒక్క ముచ్చట చెప్పాలె. నర్సింగ్ దొంగ గాదు, ఆ ఇంజనుకు పది రాదు అని.”

“నాకు వచ్చింది గదా.”

“వచ్చింది. బండి మంచిగున్నప్పుడు. అందరికయితదంటివి సూడు, గది తప్పని చెప్పు. సాలు.”

నర్సింగ్ ట్యూబుకు అతుకు వేసి, టైరు ఎక్కించి, గాలి నింపేదాకా కనుకయ్య నిలబడే ఉన్నాడు. “నీ బండి సంగతి నాకేం ఎరుక,” అని వెనుదిరిగాడు. తిరిగొచ్చి సేటు గద్దె మీద బండి తాళంచెవి పెట్టాడు. చూసినవాడు దొరికాడా అని సేటు అడిగితే, ఎవరూ లేరన్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు వరాలా తలావ్ చెరువు గట్టున కూర్చుంటాడు. ఉత్త కాలి సంగతి, శాలువా సంగతి కొత్తవాళ్లకు చెబుతాడు. వాళ్లు మర్యాదగా వింటారు. ఆయన లేచి పోగానే ఒకడు నోటికి పిడికిలి పెట్టుకుని పైపుతో డీజిల్ పీల్చినట్టు చేస్తాడు, మిగతావాళ్లు నవ్వుతారు. టెంపోకు కొత్త డ్రైవరొచ్చాడు. పసుపు పది అట్లాగే ఉందట, అతని జీతంలో కోతా అట్లాగే ఉందట.

ఒకనాడు ఓదెమ్మ అడిగింది, “ఆ ఎన్మిది నెలలు ఎన్ని లీటర్లు పోసినవయ్యా?”

కనుకయ్య నోటుబుక్కు తెచ్చి చివరి పేజీ దాకా తిప్పాడు.

“గది రాయలే,” అన్నాడు.