సుగెంగ్ బంగారు రెక్కలు

ఇండోనేషియాలోని సురబయాలో బైకు టాక్సీ నడిపే సుగెంగ్, గిరాకీ లేనప్పుడు కాఫీ కొట్టు బల్ల మీద మఠం వేసుకుని ఫోనులో ఆట ఆడేవాడు. ఆట ఉచితమే, అందులోని వీరుడికి తొడిగే వేషాలకే డబ్బు. పక్కన కూర్చునే హెరూ తన వీరుడికి బంగారు రెక్కలు కొన్న రోజు నుంచి సుగెంగ్‌కు కాఫీ గొంతు దిగలేదు. ఎక్కడివో ఫైళ్ళు తెచ్చి, తన ఫోనులో ఆట ఫైళ్ళు తీసేసి వాటి చోట ఇవి పెట్టి, తన వీరుడికీ అవే రెక్కలు తగిలించాడు.

"అది దొంగతనం కాదా అన్నా?" అన్నాడు హెరూ.

"ఊరికే ఇచ్చే ఆటలో దొంగిలించేదేముందిరా? నీ రెక్కలేమైనా ఊడాయా?"

ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. "ఏవీ అన్నా, నీ రెక్కలు?" అంటూ హెరూ తన ఫోను సుగెంగ్ వైపు తిప్పాడు. అందులో సుగెంగ్ వీరుడు పాత ముతక అంగీలోనే ఉన్నాడు. మార్చిన ఫైళ్ళ సొగసు మార్చినవాడి తెర దాటదు.

మర్నాటి నుంచి సుగెంగ్ ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. అక్కడికి హెరూ ఫోను వీపు మాత్రమే కనిపించేది.